గంధర్వకన్యను ఎగరేసిన పెంటయ్య

శామీర్‌పేట పెంటయ్య ఇక లేడని ఆయన భార్య రాయించిన ఉత్తరం మొన్న మద్రాసు చేరింది. సొంతూరు వెళ్లినవాడికి మూడు రోజుల జ్వరమట, అంతే! చదివి అయ్యో అనుకొని కలం పట్టాను. జానపద చిత్రాలలో గంధర్వకన్యగా గగనవిహారం చేసిన నన్ను లోకమంతా ఎరుగును. ఆ విహారానికి ఆధారభూతుడైన మహానుభావుణ్ణి మాత్రం ఎవరూ ఎరగరు. ఎరగాలనే ఈ నాలుగు మాటలు.

ఆయనది చెరువులో చేపలు పట్టే కుటుంబం. ఒక నాటక సమాజానికి తెరలు కట్టబోయి, వారి వెంటే మద్రాసు వచ్చి, స్టూడియోలో నటీనటులను తీగలతో ఎగరేసే పనిలో కుదురుకున్నాడు.

నా తొలిచిత్రంలోనే పేచీ వచ్చింది. దీపాల వెలుగుకు నా తీగ తళతళ మెరిసి తెరమీద కనబడుతోందని దర్శకులు మండిపడ్డారు.

"సన్నతీగ కట్టవయ్యా! గంధర్వులకు తాళ్లుంటాయా?"

"సన్నది బిడ్డ బరువు ఆపది సారూ. నౌకరి తీసేస్తే తీసెయ్యుండ్రి, దానికి మాత్రం నేను కట్ట," అన్నాడు పెంటయ్య.

వేషం పోతుందన్న భయంతో సన్నతీగకే సరేనన్నాను, మూర్ఖురాలిని! "నీకేం ఎరుకమ్మా, జర ఊకో," అని నన్ను కసిరి, దర్శకులను ఒక్కరోజు గడువడిగాడు.

ఆ పగలంతా తుమ్మచెక్క మరిగించి, ఆ కషాయంలో లావుతీగను నానేశాడు. తీగ నల్లబడి మెరుపు చచ్చింది. "మా దిక్కు వలలకు గిదే పట్టిస్తం. చేపకే కానరానిది గీ డబ్బాకు కానొస్తదా?" అని కెమెరాను చూపి నవ్వాడు. మరునాడు, రాత్రి ఆకాశం గీసిన తెర ముందు మొదట తానే వేలాడి చూసుకొని, తర్వాత నన్ను కట్టాడు. నేను మబ్బుల నడుమ హాయిగా తేలిపోయాను. తీసిన బొమ్మలో ఎంత వెతికినా తీగ జాడ లేదు! మండిపడ్డ దర్శకులే ఆయన్ను కౌగిలించుకున్నారు.

ఆ చిత్రం మేడ్చల్‌లో డేరా వేసి ఆడినప్పుడు భార్యను వెంటబెట్టుకొని వెళ్లాడు. "ఆట అయిపాయె, నువ్వేడున్నవయ్యా గా సినిమాల?" అని ఆమె నిలదీసిందట. "నేను గానొస్తే నా పని చెడ్డట్టే గదనే పిచ్చిదానా," అన్నాడట. ఈ ముచ్చట మాకు ఎన్నిసార్లు చెప్పి మురిశాడో! అంతటి నిరాడంబర ప్రజ్ఞాశాలి చేతిమీదుగా ఎగిరానని చెప్పుకోవడం కంటే నాకు వేరే బిరుదు అక్కరలేదు.

ఆయన కట్టిన ముడి ఏనాడూ జారలేదు, మాలో ఒక్కరికీ దెబ్బ తగలలేదు. పెంటయ్యా, నీకు నమస్సులు. నీ స్థానంలో కొత్త మనిషిని పెట్టామని నిన్న నిర్మాతగారు కబురంపారు. నాకిక నేలమీద నడిచే వేషాలే రాయించమని చెప్పి పంపాను.