ఆరున్నొక్కటి

మా అమ్మ నోట ఏడు రాదు. ఏడు అంటే ఏడవమన్నట్టే కదా! జొన్నలు కొలిచేటప్పుడు కూడా ఆరు తర్వాత ఆరున్నొక్కటి అని, అటునుంచి ఎనిమిదికి పోతుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. ఆ రోజు భయంలో నా చెవికి ఎక్కలేదు.

అమ్మ రొమ్ములో గడ్డ కనిపిస్తే ఎమ్మిగనూరులో ముక్క తీసి ల్యాబు పరీక్షకు పంపారు. చీటీ మీది నంబరు ఫోన్లో కొడితే రిపోర్టు వస్తుంది. పేరుండదు, ఒట్టి నంబరే. చీటీ గోనెగండ్లలో అమ్మ దగ్గర ఉంది, ఆమెది బటన్ల ఫోను. నేను ఆదోనిలో బడిలో ఉన్నాను. మధ్యాహ్నం బెల్లు కాగానే ఆమె ఫోన్లో చదివింది, నేను సుద్దముక్కతో బల్ల మీద రాసుకున్నాను: 46102613058. పదకొండు అంకెలు. ఫోనేమో పది అంకెలే అడుగుతోంది.

అప్పుడు వెలిగింది. ఈ మహాతల్లి ఎక్కడో ఆరున్నొక్కటి అంది, నేను ఆరు, ఒకటి అని రాశాను. నా ఖర్మకు ఆ జత రెండు చోట్ల ఉంది. మొదటి జతను ఏడు చేసి 4702613058 కొట్టాను. తెరుచుకుంది. క్యాన్సర్ కణాలు ఉన్నాయని. రెండో జతను మార్చి 4610273058 కొట్టాను. అదీ తెరుచుకుంది. ఏమీ లేదని.

లెక్కల టీచర్ని, అంకెలే దిక్కనుకున్నాను. అమ్మ పాత రక్తపరీక్షల చీటీలు చూసి, ఆ ల్యాబు నంబర్లన్నీ తొమ్మిదితో శేషం లేకుండా తెగుతాయని అంతకుముందే కనిపెట్టి మురిసిపోయాను. ఇప్పుడు అంకెలు కూడి చూశాను. మొదటిది ముప్పై ఆరు. రెండోదీ ముప్పై ఆరే. కాక ఏమవుతుంది, ఆరూ ఒకటీ కలిస్తే ఏడే కదా! నా తొమ్మిది నన్ను నట్టేట ముంచింది. పదకొండుతో భాగించి చూశాను. చెడ్డది తెగింది, మంచిది తెగలేదు. దానికి అర్థమేమీ లేదని తెలుసు. అయినా మరోసారి భాగించాను. మళ్లీ ఫోన్ చేశాను.

“అమ్మా, ఏడు యాడుందో సెప్పు.”

“థూ! ఆస్పత్రి కాయితం సేతిలో పెట్టుకోని ఆ మాటంటారా?”

“అనకపోతే నేను సస్తాను! ఒక్కొక్క అంకె సదువు!” అని అరిచేశాను.

“నాలుగు. ఆరు. ఒకటి. సున్న. రెండు...” ఆగింది. ఊపిరి వినబడుతోంది. “ఏడు,” అంది, మెల్లగా.

“ఏం లేదంటమ్మా! బాగుండావు!” నాకు ఏడుపు ఆగలేదు.

“మరి అట్ల యెందుకరిసినావే? ఏం సూసినావు?”

చెప్పాను.

“అయ్యో, ఆయమ్మ ఎవరో ఏమో పాపం. దేవుడు సల్లగా సూడాల.”

ఊఁ అన్నాను. ఆ పది నిమిషాలూ నేను దేవుణ్ణి అడిగింది, ఆ చెడ్డ రిపోర్టు ఇంకే ఆడమనిషిదైనా కావాలనే.