దారికి అడ్డొచ్చిన గురుగ్రహం

రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది డిసెంబరులో నల్గొండలో జరిగిన జిల్లా స్థాయి సైన్స్ ప్రదర్శనకు నన్ను న్యాయనిర్ణేతగా వేశారు. అప్పుడు నేను జడ్చర్ల దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంటును, అంటే పెద్ద తరగతులకు ఆ సబ్జెక్టు చెప్పేవాణ్ని. పొరుగు జిల్లావాడికి మొహమాటాలుండవని పైవాళ్ల నమ్మకం. మొదటి స్థానం వచ్చిన ఒక్క ప్రాజెక్టే రాష్ట్ర స్థాయికి హైదరాబాదు పోతుంది.

సౌరకుటుంబం నమూనా ఏటా వస్తుంది. థర్మకోల్ ఉండలకు రంగులేసి, నడుమ బల్బు పెట్టి, మోటారుతో తిప్పుతారు. సూర్యుడు బత్తాయంత, భూమి ఉసిరికాయంత ఉంటాయి. సూర్యుడి అడ్డుకొలతలో మన భూములు నూటికి పైగా పడతాయన్న సంగతి ఎవరికీ పట్టదు, గిర్రున తిరిగితే చాలు.

రామన్నపేట వైపు నుంచి వచ్చిన గ్రేస్ అనే తొమ్మిదో తరగతి అమ్మాయి బల్ల మీద మాత్రం ఒక గుమ్మడికాయ తప్ప ఏమీ లేదు. మిగతావేవి బిడ్డా అన్నాను.

"బయట ఉన్నయి సార్. గీ గుమ్మడికాయ సూర్యుడైతే, భూమి గేటు కాడ సజ్జగింజ. గురుగ్రహం నిమ్మకాయ, సడక్ మలుపుల ఉన్నది. నెప్ట్యూన్ రేగుపండు, గది ఇంకా చాన దూరం."

నడిచి చూసొచ్చాను. గింజ ముప్పై మీటర్ల దగ్గర, నిమ్మకాయ నూట యాభై దగ్గర. లెక్క సరిగ్గా ఉంది. ఎవరూ తొక్కకుండా నిమ్మకాయ చుట్టూ ముగ్గుతో గుండ్రంగా గీత కూడా గీసింది.

"గెలిచినోళ్లకు హైదరాబాదుల దుర్బిణితోని శనిని చూపిస్తరంట గద సార్?" అని ఆశగా అడిగింది. శని కనబడాలని కోరుకునే మనిషిని చూడటం నాకదే మొదటిసారి.

మా ముగ్గురి సంఘం పెద్ద, ఒక సీనియర్ హెడ్మాస్టరు, ఆ ప్రాజెక్టును పక్కన పెట్టారు. ప్రదర్శన అంతా బల్ల మీదే ఉండాలన్నది నిబంధన. సౌరకుటుంబం బల్ల మీద పట్టదని ఆ పిల్ల నిరూపించింది కదా అని వాదించాను. అందుకే అనర్హత అన్నారాయన. నాకు ఒళ్లు మండింది.

ఇంతలో కబురొచ్చింది, ముఖ్య అతిథి కారు మలుపులో ఆగిపోయిందని. ముగ్గు మధ్య నిమ్మకాయను చూసి, ఎవడో మంత్రం చేసి పెట్టిండు, దాటొద్దని డ్రైవర్ బ్రేకు వేశాడట. మేం పోయేసరికి జనం మూగారు. లోపల గుమ్మడికాయ కూడా ఉందని ఎవరో మహానుభావుడు చెప్పడంతో అతిథి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గ్రేస్ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"మంత్రం గింత్రం ఏం లేదు సార్. గిది గురుగ్రహం."

అతిథి ఇంకా బెదిరిపోయారు. గురుడు నీకు అనుకూలంగా లేడని ఆ వారమే పంతులు చెప్పాడట. గొంతు తగ్గించి, "జర పక్కకు పెట్టరాదమ్మా?" అన్నారు.

"పెట్టరాదు సార్. లెక్క తప్పుతది."

ఆయన కారు దిగి, చెప్పులు విప్పి, నిమ్మకాయకు దండం పెట్టి, వెనక సందులోంచి నడిచి వచ్చారు. వేదిక ఎక్కగానే మా పెద్ద చెవిలో, గురుడికి కోపం రాకుండా చూడమన్నారు. హెడ్మాస్టరు గారు నిబంధన మళ్లీ చదివారు. సూర్యుడు బల్ల మీదే ఉన్నాడు, సౌరకుటుంబంలో ముఖ్యుడు ఆయనే, కాబట్టి చెల్లుతుందని తేల్చారు. మొదటి స్థానం గ్రేస్‌కు వచ్చింది.

దిగి వచ్చాక నన్ను నిలేసింది. "నా లెక్క చూసి ఇచ్చిన్రా సార్, నిమ్మకాయకు భయపడి ఇచ్చిన్రా?"

"నిమ్మకాయకే. శనిని చూసి రా పో," అన్నాను.

చూసొచ్చింది. శని చుట్టూ ఉన్న వలయం స్పష్టంగా కనబడిందని వాళ్ల సారు ఫోన్లో చెప్పాడు. సరైన నిర్ణయం సరైన కారణంతోనే రావాలని మేం పట్టుబట్టి కూర్చుంటే, ఆ పిల్ల రామన్నపేట దాటేది కాదు.