దుబాసి ప్రమాణం

నా నోట్‌బుక్కులో నాలుగు పేజీల పొడవున ఒక పట్టిక ఉండేది. పైన దేశాల పేర్లు, పక్కన ప్రశ్నలు. నేరాన్ని ఎవరు పరిశోధిస్తారు? కోర్టులో ప్రశ్నలడిగేది వకీళ్లా, న్యాయమూర్తా? నిందితుడు నేరం ఒప్పుకుంటే ఏమవుతుంది? కోర్టు భాష అతనికి రాకపోతే ఏం చేస్తారు? అప్పటికి నేను సంగారెడ్డి కోర్టులో జూనియర్ వకీలుగా చేరి రెండేళ్లు. దూరవిద్యలో ఎల్ఎల్ఎం చదువుతున్నాను. అందులో వేరువేరు దేశాల నేర న్యాయ వ్యవస్థలను పోల్చి చూసే పేపరు ఒకటుంది. దాని మీద నాకు పిచ్చి పట్టింది.

పిచ్చి అని ఊరికే అనడం లేదు. పోతిరెడ్డిపల్లిలో షేర్ ఆటో ఎక్కి కోర్టు గేటు దగ్గర దిగేలోపు ఏదో ఒక దేశం మీద మనసు పారేసుకునేదాన్ని. జర్మనీలో నిందితుడు తప్పు ఒప్పుకున్నా సరే, అది నిజమో కాదో కోర్టు తనంతట తాను తేల్చుకోవాలని చదివిన రోజు పొంగిపోయాను. ఫ్రాన్సులో పెద్ద కేసుల పరిశోధనను న్యాయమూర్తే నడిపిస్తాడని తెలిసి మర్నాటికి అటు తిరిగాను. ఇంగ్లండులో ఒప్పుకుంటే విచారణ అక్కడితో సరి, ఇక శిక్ష సంగతే మిగులుతుందని చదివి, ఇదేం తొందర అని ఆ దేశంతో రెండు రోజులు అలిగాను. మా సీనియర్ నన్ను చూడగానే, "ఇయ్యాల ఏ దేశంల ఉన్నవమ్మా?" అని అడిగేవారు.

పట్టికలో చివరి నిలువు వరస మన దేశానిది. సెక్షన్ల నంబర్లు వేసి పది నిమిషాల్లో నింపేశాను. మన సంగతి మనకు తెలియదా అని ధీమా.

ఆ రోజు మా సీనియర్‌కు వేరే కోర్టులో పని పడింది. వకీలును పెట్టుకునే స్తోమత లేనివాళ్ల తరఫున ఉచితంగా వాదించడానికి ఆయనకు అప్పగించిన కేసు ఒకటి మెజిస్ట్రేటు ముందుకు వస్తోంది. "ఛార్జి చదివి వినిపిస్తరు, కాదన్నడని చెప్పి వాయిదా తీస్కొని రా. అంతే" అని నన్ను పంపారు. నిందితుడు ఒడిశా నుంచి వచ్చిన కార్మికుడు. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. షిఫ్టు దిగి వెళుతుంటే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు సంచీ వెతికారు. అందులో స్టీలు వాల్వు దొరికింది. బెయిలు మీద ఉన్నాడు. నేరం రుజువైతే జైలు సంగతి అటుంచి, ఆ చుట్టుపక్కల ఏ కాంట్రాక్టరూ అతనికి మళ్లీ గేటు పాస్ ఇవ్వడు.

వరండాలో అతన్ని కలిశాను. యాభై దాటిన మనిషి, తల సగం నెరిసింది. పక్కన ఎర్రంచు చీర కట్టుకున్న ఒకామె ఉంది. బొల్లారంలో ఒడియా కార్మికులకు మెస్ నడుపుతుందని, ఇతను అక్కడే తింటాడని, తోడు వచ్చిందని తెలిసింది. "హిందీ ఆతా?" అని అతన్ని అడిగాను. "థోడా థోడా" అన్నాడు, కొంచెం కొంచెం వచ్చని. అది చాలనుకున్నాను. అతని కథ అడిగి తెలుసుకోవలసిన పది నిమిషాల్లో అతనికి ధైర్యం చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే రెండు వాయించుకోవాలనిపిస్తుంది.

బంట్రోతు పిలిచాడు. అతను బోనులో నిలబడి చేతులు కట్టుకున్నాడు. మెజిస్ట్రేటు అభియోగం చదివి, అతని ముఖం చూసి, "ఈయనకు తెలుగు అర్థమవుతోందా? మీకు హిందీ వచ్చా?" అని నన్ను అడిగారు. వచ్చని గర్వంగా చెప్పాను. సంగారెడ్డి బజారులో పెరిగినదాన్ని, నాకు హిందీ రాకపోవడమేమిటి!

తీరా నోరు తెరిచాక చిక్కొచ్చింది. 'చోరీ' అన్న మాట బయటికి రాలేదు. మా నాన్న వయసు మనిషి. చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ముఖం మీద 'దొంగతనం చేశావా' అని ఎలా అనడం? మా ఇంట్లో పనిమనిషిని కూడా అలా అడగకూడదని పెంచారు నన్ను. అందుకని గొంతు మెత్తగా చేసుకుని, "వాల్వ్ ఆప్ లియే క్యా?" అన్నాను. వాల్వు మీరు తీసుకున్నారా అని.

"హా జీ, లియా" అన్నాడతను, తలూపి మరీ.

"ఒప్పుకుంటున్నాడా?" అన్నారు మెజిస్ట్రేటు. "అవునంటున్నాడు సార్" అని మాత్రం అనగలిగాను. ఆయన పెన్ను తీశారు.

"సారూ, జెర ఆగుండ్రి!"

వెనక బెంచీ నుంచి మెస్ ఆమె లేచి నిలబడింది. బంట్రోతు కూర్చోమని కసిరాడు. ఆమె కూర్చోలేదు. "ఈ వకీలమ్మ అడిగింది ఒకటి, మీరు రాసేది ఇంకొకటి. తీసుకున్నవా అని అడిగింది. దొంగతనం చేసినవా అని అడగలే. తీసుకున్నదైతే నిజమే గదా సారూ, సంచిల దొరికె. ఎందుకు తీసుకున్నడో అది అడగద్దా?"

కోర్టు హాలు మొత్తం నన్ను చూసింది. భూమి చీలితే బాగుండుననిపించింది. దొంగతనమంటే దురుద్దేశంతో, అడక్కుండా తీసుకోవడమని లా కాలేజీలో మొదటి ఏడాదే చదువుతాం. ఆ ఒక్క మాటలోనే నేరమంతా ఉంది. మర్యాద కోసం నేను తీసేసింది ఆ మాటనే.

మెజిస్ట్రేటు పెన్ను కింద పెట్టారు. ఆ మంచితనానికి ఆయనకూ దండం పెట్టాలి. ఆమె ఎవరో, ఒడియా ఎలా వచ్చో అడిగారు. ఒడిశాలో గంజాం వైపు పుట్టి, వెల్డింగు పనివాడిని పెళ్లి చేసుకుని ఇరవై ఏళ్ల కింద బొల్లారం వచ్చిందట. గుమ్మడిదల నుంచి కూరగాయలు తెచ్చి అమ్మే ఆడవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకుందట. సరే, దుబాసిగా ప్రమాణం చేయించండి అన్నారు ఆయన. బంట్రోతు ప్రమాణం చెప్పిస్తుంటే ఆమె మధ్యలో ఆగింది.

"యథాతథంగ అంటే ఏంది సారూ?"

"ఉన్నది ఉన్నట్టు అని. పెంచకూడదు, తగ్గించకూడదు" అన్నారు మెజిస్ట్రేటు.

"గట్లయితే చేస్త" అని, మొదటి నుంచి మళ్లీ చెప్పించుకుని ప్రమాణం చేసింది. అర్థం కాని మాట మీద ఒట్టు పెట్టనన్న మనిషిని ఆ హాల్లో అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆమె ఒడియాలో అడిగింది. చేతులు కట్టుకుని ఉన్న ఆ మనిషి ఒక్కసారిగా బోను కర్ర పట్టుకుని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడాడు. నాకు గాభరా. ఆమె దగ్గరికి జరిగి, "ముఖ్యమైంది చెప్పక్కా, చాలు" అని గొణిగాను.

"తగ్గియ్యద్దని ఇప్పుడే గదా ఒట్టు పెట్టించిండ్రు" అని, ఆమె మెజిస్ట్రేటు వైపు తిరిగింది. "దొంగతనమా, నేనా అంటుండు సారూ. పని జేసే కాడ సూపర్‌వైజర్ సారు పాత వాల్వు సూపెట్టి 'బాహర్ ఫేంక్ దో' అన్నడట. బయట పారెయ్యమని. ఈయన ఆ షెడ్డుల కొత్త, వారమే అయిందట. బయట అంటే గేటు బయట అనుకున్నడు. షిఫ్టు దిగినంక పారేద్దామని సంచిల ఏసుకున్నడు. ఇంకో మాట గుడ అన్నడు సారూ, మంచి మాట గాదు. చెప్పాల్నా?"

"చెప్పండి."

"ఈ కోర్టుకు చెవులు లేవు అన్నడు."

మెజిస్ట్రేటు నవ్వు ఆపుకున్నారో, నొచ్చుకున్నారో తెలియలేదు. నేరం ఒప్పుకోలేదని రాసి, విచారణకు తేదీ ఇచ్చారు.

తర్వాతి ఆదివారం ఆమె మెస్‌కు వెళ్లాను. సాక్షిగా వచ్చే సూపర్‌వైజర్‌ను ఏం అడగాలో తేల్చుకోవడానికి వచ్చానని చెప్పాను కానీ, అసలు వెళ్లింది ఆమెను చూడటానికే. పెద్ద గిన్నెలో పప్పు కలుపుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం చదువుతున్నావని అడిగితే నా దేశాలన్నీ చెప్పాను. జర్మనీ అంది, ఫ్రాన్సు అంది, చక్కగా పలికింది. అంతా విని ఒకటే అడిగింది.

"మరి ఆడ దుబాసి తప్పు చెప్తే, తప్పు చెప్పిందని ఎవరికి తెలుస్తది?"

నాలుగు పేజీల పట్టికలో ఆ ప్రశ్న లేదు. దుబాసిని ఇచ్చే హక్కు ఏ దేశంలో ఎప్పటి నుంచి ఉందో రాసుకున్నాను తప్ప, ఆ మధ్య మనిషి నోట్లో మాట ఏమవుతుందో ఆలోచించలేదు. వారం పాటు పుస్తకాలు తిరగేశాను. నన్ను చదివించిన వాళ్లు చాలామంది ఉన్నారు. నా చదువును సరిదిద్దింది మాత్రం ఆమె.

విచారణ రోజు మా సీనియరే వచ్చారు. సూపర్‌వైజర్ అబద్ధం ఆడలేదు, అందుకు అతన్ని మెచ్చుకోవాలి. "బయట పారెయ్యమన్న మాట నిజమే సార్. గని బయట అంటే షెడ్డు ఎనక స్క్రాప్ కుప్ప."

"అది ఈయనకు చెప్పినవా?" అన్నారు సీనియర్.

"బయట అంటే మా దగ్గర అందరికి ఎరుకే సార్."

"వారం కింద వచ్చినోనికి గుడనా?"

సూపర్‌వైజర్ తల దించుకున్నాడు. ఆమె బోను పక్కన నిలబడి ఈ మాటలన్నీ వరసగా ఒడియాలో చెబుతూనే ఉంది, తల దించుకున్నాడన్న సంగతి తప్ప. అది బోనులో ఉన్న మనిషికి కనిపిస్తూనే ఉంది కదా. మరో వాయిదాకు కేసు కొట్టేశారు.

వరండాలోకి వచ్చాక అతను నాకు దండం పెట్టబోయాడు. వద్దని చేతులు పట్టుకున్నాను. నెలల తరబడి గొంతులో ఉన్న మాట అప్పుడు అనేశాను. "అక్కా, తప్పు నాదని చెప్పు. దొంగతనం అన్న మాట అనలేక, తీసుకున్నారా అని అడిగిన. నా వల్ల జైలుకు పోతుండె."

ఆమె చెప్పింది. అతను నెమ్మదిగా ఏదో అన్నాడు. ఆమె వెంటనే తెలుగులో చెప్పలేదు. నా ముఖం చూసింది. కావాలంటే తగ్గించి చెప్పగలదు. ఒట్టు కోర్టు లోపలే అయిపోయింది.

"ఆ దినం నువ్వేం అడిగినవో ఆయనకు సక్కగ సమజ్ కాలేదట" అంది చివరికి. "గని ఈడికి వచ్చినంక ఆయన్ను ఆప్ అని పిలిసింది నువ్వొక్కదానివేనట. అందరు తూ, నువ్వు అనేటోళ్లే. గంత మర్యాదగ అడిగినంక కాదంటే బాగుండదని, అవునన్నడట."