రావులమ్మకు పెట్టిన చీరలు

బసవమ్మ నోరు తెరిస్తే మొదటి మాట, "మాది పేరంటాలు వెలసిన ఇల్లు." ముత్తైదువగా పోయి దేవతగా వెలసిన ఇల్లాలిని పేరంటాలంటారు. ధాత నామ సంవత్సరపు కరువులో ఆ ఇంటి కోడలొకావిడ పసుపు కుంకుమలతో కన్నుమూసిందనీ, పొలం గట్టున రాయిగా వెలసిందనీ నూటపాతికేళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఏటా మాఘంలో ఆ రాయికి చీర పెట్టందే ఆ ఇంటివాళ్ళు మిరప కల్లంలో కాలు పెట్టరు.

రెండువేల ఒకటిలో రాయి చుట్టూ చిన్న గుడి కట్టించారు. గుమ్మం మీద పేరు చెక్కాలి, ఏం పేరన్నాడు రాయి చెక్కేవాడు. అందరూ ముఖాలు చూసుకున్నారు. ఇన్నేళ్ళూ చీరలు పెట్టారు గానీ, ఆవిడ పేరేమిటని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు! పుట్టిల్లు ప్రత్తిపాడని మాత్రం బసవమ్మ ఎప్పుడో విన్నది. పేరు తెచ్చినవాళ్ళదే గుడిలో తొలి పూజ. ఆ గొప్ప ఇంకెవరికీ దక్కకూడదని పెదకాకాని దగ్గర బస్సెక్కింది.

ప్రత్తిపాడులో తమ ఇంటిపేరు చెప్పి, ఆ ఇంటికి పిల్లనిచ్చినవాళ్ళెవరని ఇల్లిల్లూ అడగ్గా, ఒక వసారాలో పత్తికాయలు ఒలుస్తూ కోటేశ్వరి అనే ముసలమ్మ దొరికింది. ఎనభై దాటిన మనిషి, ఆ పుట్టింటి ఆడపడుచే.

"మా తాత తోబుట్టువు, రావులమ్మ నాయనమ్మ గురించా? కరువులో పోవడమేంటమ్మాయ్! నన్ను చంకనేసుకుని పెంచింది. నా పన్నెండో ఏట పోయింది, ముగ్గుబుట్ట తలతో."

"మీరింకెవర్నో అనుకుంటున్నారండీ," అని నవ్వింది బసవమ్మ.

"ఎందుకనుకుంటాను? కరువులో అత్తారింటి పాతర తీసి, ఊరి చివర పిల్లలకి రెండు పూటలు జొన్నగంజి కాచి పోసిందంట. గింజలు పోయాయని మామ కట్టుబట్టలతో గెంటాడు. మొగుడు నోరెత్తలేదు. కోడలేదని ఊరడిగితే కలరా తగిలి పోయిందన్నారంట. కొడుకు పెళ్ళి చూద్దామని వెళితే, చచ్చినదానివి ఎట్టా వచ్చావని తరిమారు. మీరు రాయికి చీర పెట్టారని కబురొచ్చినప్పుడల్లా, చిరుగులు కుట్టుకుంటా నవ్వేది ముసల్ది. ఒక్కటి ఇటు పంపమనండే, కట్టుకుంటా అనేది."

బసవమ్మకు తల కొట్టేసినట్టయింది. ఎనిమిది కోసుల దూరంలో మనిషి చిరుగుల చీరతో తిరుగుతుంటే, తమ ఊళ్ళో రాయికి కొత్త చీర చుట్టి దండాలు పెట్టారు. ఆ వంశమనేగా ఇన్నాళ్ళూ మెడ నిక్కించి తిరిగింది!

సిగ్గు అక్కడితో ఆగినా బాగుండేది. చీరాల మగ్గాలవాళ్ళ కుర్రాడు సాయిగణేష్‌ని చేసుకుందని, తొమ్మిదేళ్ళ కిందట కూతురు బిందుమాధవికి బతికుండగానే నీళ్ళు వదిలింది ఈ బసవమ్మే. చంటిపిల్లతో గుమ్మం దాకా వచ్చినదాన్ని, "నా కూతురు ఎప్పుడో పోయింది, నువ్వెవరు?" అని తలుపేసింది. అదే పరువనుకుంది. ఆ మాట తన నోట్లో ఎవరు పెట్టారో ఇప్పుడు తెలిసొచ్చింది. ముసలమ్మ ముఖంలోకి చూడలేక నేల చూపులు చూసింది.

"పోనీలే, నువ్వేం చేస్తావు, ఎప్పటి సంగతో. నీకెంతమంది పిల్లలమ్మాయ్?"

"ఒక్కడే" అనడం తొమ్మిదేళ్ళుగా నోటికి అలవాటు. 

"ఇద్దరండీ," అంది తలెత్తకుండా. "ఆడపిల్ల చీరాల్లో ఉంది. బతికే ఉంది."