బెల్లం సేటు పరిచయం చేసిన ఖాతా

డెబ్బైల మొదట్లో నేను బోధన్‌లో ఒక బ్యాంకు గుమాస్తాను. కొత్త ఖాతా తెరవాలంటే పాత ఖాతాదారు ఒకరు "ఈ మనిషిని నేనెరుగుదును" అని సంతకం పెట్టాలి. చదువు రానివాళ్లయితే వేలిముద్ర, ఫోటో తీసుకుని, ఒంటి మీది పుట్టుమచ్చలు కూడా రాసుకోవాలి. వీటన్నిటికీ ముందు, డబ్బు ఎక్కడిదో ఖాతా తెరిచే మనిషినే అడగాలి. ఆ నియమాన్ని నేనెంత నిలబెట్టానో చెబుతాను.

ఒకనాడు బెల్లం సేటు తన చెరుకు గానుగ దగ్గర కూలి చేసే ఎడపల్లి ఆడమనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఊళ్లో ఆయన మాటకు తిరుగు లేదు. మా మేనేజరు లేచి మరీ కుర్చీ వేశాడు. నేను ఫారం తీసి ఆమెను భర్త పేరు అడిగాను. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుని సేటు వైపు చూసింది.

"ఆమె జెప్పది గని, నేను చెప్త, రాసుకో," అన్నాడు సేటు.

పేరు రాసుకున్నాక నేను మళ్లీ ఆమె వైపు తిరగాల్సింది. తిరగలేదు. మిగతావన్నీ ఆయన్నే అడిగాను. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే. డబ్బెక్కడిదంటే, "చెరుకు అమ్ముకున్నది," అన్నాడు. గానుగ కూలికి చెరుకు తోట ఎక్కడిదని అనుమానం రాకపోలేదు. పెద్దవాళ్లతో పేచీ ఎందుకని నోరు మూసుకుని, ఆమె బొటనవేలికి సిరా అద్దాను.

ఏడాది తిరిగేసరికి ఆదాయపన్ను అధికారి వచ్చాడు. ఆ ఖాతాలో పడి, ఆమె వేలిముద్రలతోనే బయటికి పోయిందంతా లెక్కల్లో చూపని బెల్లం అమ్మకాల డబ్బు. సేటు "నేను పరిచయం చేసిన, గంతే. సొమ్ము ఆమెదే," అని చేతులు దులుపుకున్నాడు. పన్ను కట్టకపోతే ఆమె ఇల్లు జప్తు చేస్తారు. ఇల్లంటే ఒక్క అర్ర, ముందు చిన్న వసారా.

ఆమెను బ్యాంకుకు పిలిపించారు.

"గా పైసలు నాయి కావు సారూ. సేటు బర్రెకు అప్పిప్పిస్తనంటే ఏలు పెట్టిన," అని నా వైపు చెయ్యి చూపింది. "గీ సారు సుత ఉండె. పైసల ముచ్చట నన్నేమన్న అడిగిండా, గీయన్నే అడుగుండ్రి."

అధికారి నన్ను అడిగాడు. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. ఇంట్లో నెల తిరగని పసిబిడ్డ. మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"అడిగాను సార్. చెరుకు అమ్మానని ఆమే చెప్పింది," అన్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో ఒళ్లు కాలుతుంది.

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"చెప్పిన్నా సారూ?" అని మెల్లగా అడిగింది, తనే మరిచిపోయిందేమో అన్నట్టు. తర్వాత అధికారి వైపు తిరిగింది. "సారు గట్లంటే చెప్పే ఉంట. సదువుకున్నాయన, నా మీద అబద్ధమెందుకు ఆడుతడు?"

అధికారి ఆ మాట రాసుకున్నాడు. కింద వేలిముద్రకు ఆమె బొటనవేలికి సిరా మళ్లీ నేనే అద్దాను.