మీ తాతకు వినిపించిన ఆరు పాటలు

రాసుకోవే, నేను చెప్పేది చెప్పినట్టే రాయి. నీ ఇస్కూలు తెలుగులోకి తిప్పొద్దు.

మీ అత్త డ్రమ్ము కొట్టేది నీకు తెల్సు గదా. చెన్నైలో నలుగురిని చేర్చుకోని ఆల్బం ఒకటి పోట్నాది, అంటే పాటలు రికార్డు చేసి వదిలింది. జాస్ అంట. ఒకడు శాక్సు ఊదుతాడు, ఒకడు నిలువెత్తు పిడేలు మీటుతాడు, ఇంకా ఇద్దరు. అందరికీ తల మీ అత్తే. పాడేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మొదటి దినం ఆ పాట పెడితే మీ తాత కాఫీ చల్లారిపొయ్యే దాకా కాచుకోని, పాడే మనిషి ఇంకా రాలేదా, బస్సు తప్పిందా అని అడిగినాడు.

అది ఉండనీ. ముందర చెవుల సంగతి చెప్పాల.

మాకు ఇంటి వెనక షెడ్డులో నాలుగు తరులు ఉండె. తరి అంటే మగ్గం, కరెంటుది. ఆస్పత్రి కట్టుగుడ్డ నేసేవాళ్ళం. నాలుగూ ఆడితే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని వీపు మీద తట్టేది. ఒక తట్టు తట్టితే నూలు తెగింది, రెండు తట్టితే కండె అయిపోయింది, మూడు తట్టితే అన్నానికి రా. కల్యాణమైన నెలకే మీ తాత నన్ను షెడ్డులోకి తీసుకపోయి ఇదంతా నేర్పించినాడు. మా ఇద్దరి సంసారం సగం వీపు మీదనే జరిగింది, నవ్వొద్దు.

తరులు అమ్మేసే పొద్దుకి ఆయన చెవులు పోయినాయి. మొత్తం కాదు. లావు సత్తం, అదే లావు చప్పుడు, వినపడతాది, సన్న సత్తం వినపడదు. లారీ వినపడతాది, కుక్కరు విజిలు వినపడదు.

ఒకసారి మదురైలో మీ అత్త కచేరికి పోయినాం. ముందు వరసలో కూర్చున్నాం. తిరిగొచ్చేదానికి బస్సెక్కినాం. సిరివిల్లిపుత్తూరు దాటినాక మీ తాత అన్నాడు, “పాప చెయ్యి ఆడిస్తానే ఉండాది, కొట్టలేదే. దీనికి కూలి ఎట్ల ఇచ్చినారు?”

విషయం ఏందంటే, మీ అత్త ముప్పాతిక భాగం, డ్రమ్ముల పక్కన పళ్ళెం మాదిరి ఉంటాదే, ఆ ఇత్తడి తట్ట మీదనే కొట్టేది. సన్న సత్తం. పాటంతా దాని మీదనే నడుస్తాదని తనే చెప్పింది. ఆయనకి నడుమ నడుమ లావు డ్రమ్ము ధుమ్ అనేది మాత్రం వినపడింది. కన్నబిడ్డ ఊరకే కూర్చున్నట్టు తోచింది.

నేను అన్నాను, మీకు వినపడలే, నాకు బాగా వినపడింది, శానా బాగా కొట్టింది అని.

నాకూ వినపడలే. నా చెవులు కూడా అదే షెడ్డులో పోయినాయి గదా. చెప్తే, నేనే తీసుకపోయి నిలబెట్టినానే అని ఆయన కుమిలిపోతాడు. అందుకే దాచినాను. మీ నాయనకి కూడా చెప్పలే.

ఆ తర్వాత ఈ ఆల్బం వచ్చింది. ఎనిమిది పాటలు. మీ నాయన స్పీకరు పెట్టె కొనిచ్చినాడు. మీ తాత స్టూలు తెచ్చి నా ముందర వేసుకోని, వీపు నా పక్క తిప్పి కూర్చున్నాడు. “ఆ తట్ట మీద పాప కొట్టేది నా వీపు మీద తట్టు. నీకు వినపడతాది గదా” అన్నాడు.

ఏం చేసేది? తట్టినాను. నోటికొచ్చినట్టు అంటారే, అట్ల చేతికొచ్చినట్టు తట్టినాను. దినానికొక పాట, సాయంకాలం కాఫీ పొద్దుకి. ఆయన కండ్లు మూసుకోని తల ఆడించేవాడు. పాటైపోతే, మన పాప బాగా కొట్టింది అనేవాడు. ఆరు దినాలు, ఆరు పాటలు.

ఏడో దినం తెల్లారి బాత్రూమ్ వాకిట్లో పడినాడు. ఆటో వచ్చే లోపలే పోయినాడు.

పదహారో నాడు కర్మ ముగిసి చుట్టాలంతా పోయినాక మీ అత్త నా పక్కన కూర్చుని, నాయన నా పాటలు విన్నాడామా అని అడిగింది. వీపు మీద తట్టి వినిపిచ్చినాను అని చెప్తే, ఏడ్చింది. తర్వాత వీపు నా పక్క తిప్పి, నాకూ తట్టుమా, నాయనకి తట్టినట్టే, అనింది.

తట్టినాను. కొంచేపు విని నా చెయ్యి పట్టుకునింది.

“అమ్మా, ఇది నాది కాదు. ఇది తరి.”

నాకు అప్పుడుదాకా తెలీదే. చేతికొచ్చినట్టు అంటే, నా చేతికి వచ్చేది తరి ఆడే దరువు ఒకటే. నాకూ వినపడదని అప్పుడు చెప్పేసినాను. మీ అత్త నా మీద కోపపడలే. నేలపక్క చూస్తా మెల్లగా అడిగింది, “నాయనకి తెలీకుండా ఉంటాదామా?”

అదేనే. బతుకంతా తరి ముందర నిలబడిన మనిషి. మొదటి దినమే, మొదటి తట్టుకే తెల్సిపోయి ఉంటాది. నాకు చెవులు లేవనీ తెల్సి ఉంటాది. అయినా దినమూ స్టూలు తెచ్చుకోని కూర్చున్నాడు. పాప బాగా కొట్టింది అన్నాడు. నేను ఆయన కోసరం దాచినాను, ఆయన నా కోసరం దాచినాడు. బిడ్డ కొట్టింది మాత్రం ఇద్దరమూ వినలే. తెల్సిందా అని అడిగేదానికి ఇప్పుడు మనిషి లేడు.

ఇంకా రెండు పాటలు ఉండాయి. మీ అత్త ఫోన్ చేసినప్పుడల్లా, విన్నావామా అంటాది. ఇంకా లేదు అంటాను. అబద్ధం ఇంక వద్దు.

నీ చెవులు బాగుండాయి గదా. ఆ ఫోన్లో ఏడో పాట పెట్టు. వీపు మీద తట్టొద్దు. తట్ట సత్తం ఎట్ల ఉండాదో నోటితో చెప్పు.