నలభై కాగితాలు, ఒకే జవాబు

ఆ అమ్మాయి నా బల్ల మీద పెట్టిన నలభై కాగితాల్లోనూ మొదటి ప్రశ్నకు ఒకటే జవాబు. "టికెట్ కొని ఎక్కుతారా?" "కొనే ఎక్కుతాను." బిల్హా నుంచి పొద్దుటి లోకల్ రైల్లో బిలాస్‌పూర్‌కి కూరగాయలు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్ల గురించి ఆమె ఎం.ఏ. పరిశోధన. పదో కాగితం దాటేసరికి నాకు ఒళ్లు మండింది.

మండడానికి కారణముంది. తొంభైల మొదట్లో మా కాలేజీలో సర్వే అంటే ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేసేదే. పిల్లలు పెన్నులు మార్చి మార్చి కొన్ని తాము రాసి, కొన్ని అన్నయ్య చేత, కొన్ని పక్కింటి వదిన చేత నింపించి, ఊళ్లు తిరిగినట్టు కనబడాలని పైన కాస్త టీ ఒలికించి మరీ తెచ్చేవాళ్లు. ఆ టీ మరకలు చూసీ చూసీ నేను రాటుదేలిపోయాను. పిల్లలకు నేనంటే హడల్. లోలోపల నాకది కాస్త గర్వంగానే ఉండేది.

"ఏ ఫ్యాను కింద కూర్చుని రాశావ్?" అన్నాను, కాగితాలు ఆమె వైపు తోసేసి.

మా ఇద్దరివీ ఒకలాంటి ఇళ్లే. తాతల నాడు విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్లం. మా నాన్న గార్డు, వాళ్ల నాన్న టికెట్ కలెక్టరు. క్లాసులో హిందీయే మాట్లాడుకున్నా, కోపం వస్తే ఇద్దరికీ తెలుగే వచ్చేది.

"ఫ్యానేటి మేడం! అయిదు రోజులు రైల్లో తిరిగేను. నమ్మకపోతే మీరే రండి," అంది. కళ్లనిండా నీళ్లు, గొంతులో మాత్రం పౌరుషం. "ఇంకా మూడు వారాలే టైముంది. ఈ ఏడాది పోయిందంటే ఇంట్లో ఇంక చదివించరు. అలాటప్పుడు నేనెందుకు అబద్ధాలు రాస్తాను, చెప్పండి?"

మర్నాడు వెళ్లాను. దొంగను పట్టుకోవడానికి వెళ్లినట్టే వెళ్లానని ఒప్పుకోవాలి.

బిల్హాలో బండి ఎక్కేసరికి తలుపు దగ్గర బుట్టల మధ్య ఆడవాళ్లు ఒకటే నవ్వులు, కబుర్లు. ఈ అమ్మాయి అట్ట మీద కాగితం పెట్టుకుని లోపలికి రాగానే కబుర్లు ఆగిపోయాయి. దారిలో ఉన్న బుట్టలు పక్కకు జరిగాయి. ఒక ముసలామె కొంగు తలమీదికి లాక్కుని పక్కావిడతో మెల్లగా, "టీసీ బాబూ కే నోనీ," అంది. టికెట్ కలెక్టరు గారి పిల్ల అని. చిన్నప్పుడు స్టేషను గేటు దగ్గర నిలబడే నాన్నకు అన్నం క్యారేజీ తీసుకెళ్లింది ఈ పిల్లే. వాళ్లు రోజూ బుట్టలతో దాటేది ఆ గేటే.

"టికెట్ కొని ఎక్కుతారా?" అని ఈమె శ్రద్ధగా అడిగింది.

"హౌ నోనీ, అవునమ్మా, కొనే ఎక్కుతాం," అంది ముసలామె, నన్ను ఎగాదిగా చూస్తూ.

నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ఆ ప్రశ్న మొదట పెట్టమని చెప్పి రాయించింది నేనే. రైల్వే పాసు మీద పెరిగినవాళ్లం మేం. కౌంటరు దగ్గర నిలబడి టికెట్ కొన్న గుర్తు ఇద్దరికీ లేదు. ఆ మాట అవతలి మనిషికి ఎక్కడ తగులుతుందో మా ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు.

బిలాస్‌పూర్‌లో దిగగానే ప్లాట్‌ఫారం మీదే చెప్పాను. "తప్పు నాదమ్మా. నిన్ను అనకూడని మాట అన్నాను." విద్యార్థిని క్షమించమని అడగడం నాకదే మొదటిసారి. ఆమె కంగారుపడి, "అయ్యో మేడం, రహనే దీజియే," అంది, పోనివ్వండి అన్నట్టు.

ఈసారి అట్టా కాగితాలూ ఇంట్లో వదిలి వెళ్లమన్నాను. వారం రోజులు వాళ్ల మధ్య కింద కూర్చుని కొత్తిమీర కట్టలు కట్టింది. దిగాక బెంచీ మీద కూర్చుని గుర్తున్నదంతా రాసుకునేది. నెలలు నిండిన మనిషికి గాలి తగిలే చోటు ఎలా వదులుతారో, ఒకరి బుట్ట అమ్ముడుపోకపోతే మిగిలినవాళ్లు తలా కాస్త ఎలా తీసుకుంటారో అన్నీ ఉన్నాయందులో. ఆ నోటుబుక్కు చదువుతూ నేను అన్నం తినడం మరిచిపోయాను.

తర్వాత ఒక సాయంత్రం దయాల్‌బంద్‌లో మా ఇంటికి వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

"టికెట్ సంగతి వాళ్లే చెప్పేరు మేడం. చాలామంది కొనరంట. ఆ ముసలామె ఏటందో తెలుసా? 'మీ బాబు మంచోడు, చూసీ చూడనట్టు ఊరుకుంటాడు' అంది. ఇది రాస్తే నాన్న ఉద్యోగం పోతాది, వాళ్లకి రైలూ పోతాది. రాయకపోతే నేనూ ఫ్యాను కింద కూర్చుని రాసినట్టే గదా?"

ఇన్నేళ్లు పాఠం చెప్పిన నాకు భయమేసింది. రెండు రోజులు ఆలోచిద్దామన్నాను. నేనింకా ఆలోచిస్తుండగానే ఆమె ఒక అధ్యాయం రాసి తెచ్చింది. నలభై కాగితాల కథంతా దాచకుండా అందులో ఉంది. అడిగింది ఎవరి కూతురో, ఆ జవాబులు ఎందుకు పనికిరావో. చివర ఇలా రాసింది: "టికెట్ గురించి నాకు తర్వాత తెలిసినది ఇక్కడ రాయడం లేదు. నమ్మి చెప్పినవాళ్లకు దానివల్ల కీడు జరగవచ్చు."

గడువుకు ఒక్కరోజు ముందు టైపు పూర్తయింది.

మౌఖిక పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తిన్నగా ఆ పేజీయే తీశారు. "దాచిపెడితే అది పరిశోధన ఎలా అవుతుంది? కొంటారా, కొనరా? చెప్పు," అన్నారు హిందీలో. గైడుగా పక్కన కూర్చున్న నేను నోరు విప్పకూడదు. ఆమె ఏడాదంతా ఆ ఒక్క జవాబు మీద ఉంది.

ఆమె లేచి నిలబడింది. "సర్, తెలియక అడిగి ఒకసారి వాళ్లను భయపెట్టాను. తెలిసి చెప్పి రెండోసారి భయపెట్టలేను. మార్కులు తగ్గిస్తే తగ్గించండి."

ఆయన పేజీ తిప్పి, కొత్తిమీర కట్ట ఎలా కడతారో చెప్పమన్నారు. ఆమె చేతులతో చూపించింది. అక్కణ్ణించి అరగంట ఇద్దరూ నన్ను మరిచిపోయి మాట్లాడుకున్నారు.

వరండాలోకి వచ్చాక ఆయన నాతో, "పాసు చేశాను లెండి. 'రెండోసారి భయపెట్టలేను' అన్న ఆ మాట మీరే నేర్పారా?" అన్నారు.

"లేదండీ," అన్నాను.